రాగి వేసిన గాజు ఎందుకు వెలిగిందంటే

నేను రిటైరైన నెలకు, మా కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలో నా స్థానంలో చేరిన లెక్చరర్ ఫోన్ చేసింది. "మేడం, గాజు ఎట్ల కరగబెట్టాల్నో రాసిపెట్టిన ఫైలు ఏ బీరువల ఉన్నది?" అని అడిగింది. ఏ బీరువాలోనూ లేదు. ముప్పై ఏళ్లు ఆ గదిలో గాజు కరిగించాం గానీ, అసలు సంగతులన్నీ నోటితోనే చెప్పుకుంటూ వచ్చాం. అది మంచి అలవాటు కాదు. దానివల్ల ఒక పిల్ల చదువు ఎలా మట్టిలో కలవబోయిందో, ఇప్పుడు రాసిపెడుతున్న ఈ కాగితాల్లోనే చెబుతాను.

ట్రాన్స్‌ఫర్లు, ప్రమోషన్లు, వాటికోసం తిరిగిన తిరుగుళ్లు రాయను. అవి అందరికీ ఉండేవే, ఎవరికీ పనికొచ్చేవి కావు. మెదక్ లాంటి ఊళ్లో, ఒక చిన్న డిగ్రీ కాలేజీలో, బియ్యం డబ్బా అంత ఎలక్ట్రిక్ ఫర్నేస్ పెట్టుకుని మేం చేసిన పని ఏమిటో చెబుతాను. గాజులో కొంచెం లోహం కలపడం, ఆ గాజు వెలిగితే ఆ వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం మా పని. మా బంధువుల్లో సగం మంది నేను చేతి గాజుల మీద పరిశోధన చేస్తున్నాననే అనుకున్నారు. పెళ్లిళ్లలో పట్టుకుని కొత్త డిజైన్లు అడిగేవారు. మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని, తర్వాత విసుగొచ్చి "వస్తున్నయి, ఆగుండ్రి" అనడం మొదలుపెట్టాను.

మూడు రకాల రాగి

బోరిక్ పొడి, సోడా, మెత్తటి ఇసుక కలిపి వెయ్యి డిగ్రీల పైన కరిగిస్తే తేటగా గాజు వస్తుంది. అందులో చిటికెడు రాగి సమ్మేళనం వేశారనుకోండి. ఆ రాగి మూడు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రాగి గాజుకు నీలి రంగునిస్తుంది, కానీ వెలగదు. ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే పోగొట్టుకున్న రాగి రంగేమీ ఇవ్వదు, గాజు మంచినీళ్లలా ఉంటుంది. అయితే దాని మీద కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి పడితే చాలు, నీలమూ ఆకుపచ్చా కలిసిన వెలుగు ఇస్తుంది. ఇక ఏ ఎలక్ట్రానూ పోగొట్టుకోని రాగి గుంపు కట్టి లోహపు రేణువులుగా మారి, గాజును ఇటుక రంగుకు తెస్తుంది. అదీ వెలగదు.

వెలిగేది మధ్య రకం ఒక్కటే. అది దక్కాలంటే కరిగే సమయంలో ఆక్సిజన్ తక్కువగా ఉండాలి. మామూలు గాలిలో కరిగిస్తే నీలమే వస్తుంది. పెద్ద యూనివర్సిటీల్లో దీనికోసం గ్యాస్ పంపే ఫర్నేసులు ఉంటాయి. మా దగ్గర ఉన్నదల్లా గాలి.

రంగు వేరు, వెలుగు వేరు. తన మీద పడిన కాంతిలో కొంత మింగి మిగతాది వదిలితే అది రంగు. మింగినదాన్ని మార్చి తానే కొత్తగా ఇస్తే అది వెలుగు. ఈ ఒక్క ముక్క మనసుకు ఎక్కించుకోకుండా ఈ పనిలోకి రాకండి.

యాదగిరి సార్

నాకు ఆ ముక్క ఎక్కించింది మా హెడ్ యాదగిరి సార్. క్లాసులో ఆయన చెప్పేది ముందు బెంచీకి కూడా వినిపించేది కాదు. ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. కానీ ల్యాబ్‌లో ఆయన కన్ను పడని తప్పు లేదు.

మాకు అతినీలలోహిత కాంతి ఇచ్చే దీపం కొనే స్తోమత లేకపోతే, తూప్రాన్‌లో నీళ్ల ఫిల్టర్లు రిపేరు చేసే షాపు నుంచి, నీళ్లలో క్రిములను చంపే ట్యూబు ఒకటి పట్టుకొచ్చారాయన. దాన్ని అట్టపెట్టెలో బిగించి, ముందు ఒక కన్నం పెట్టారు. నేను చేరిన కొత్తలో నీలం గాజు ముక్క ఒకటి ఆ పెట్టెలో పెట్టి చూసి, "సార్, వెలుగుతున్నది!" అని వరండాలోకి పరిగెత్తాను. ఆయన నింపాదిగా వచ్చి, ఆ ముక్క తీసేసి, మామూలు కిటికీ అద్దం ముక్క పెట్టారు. అదీ అలాగే మెరిసింది.

"ట్యూబుకు సొంత వెలుగు ఉంటది గద. దాన్ని పట్టుకొని నీ గాజు వెలుగంటవేంది? ముందు ఉట్టి గాజు పెట్టి చూడాలె. తర్వాత రాగి గాజు. రెండిట్ల తేడా ఉంటెనే నోరు తెరువాలె."

ఆ తేడా కోసం పావుగంటసేపు, ఆ కాంతిని ఆపే కళ్లద్దాలు లేకుండా ఆ పెట్టెలోకి చూశాను. సాయంత్రానికి కళ్లల్లో కారం కొట్టినట్టయింది. దవాఖానలో మందు వేసి, రెండు రోజులు చీకటి గదిలో పడుకోమన్నారు. మూడో రోజు వెళ్తే సార్ అన్న మాట ఒక్కటే. "కళ్లు పోయినంక గాజు ఎవ్వరికి వెలుగుతదమ్మా?" అప్పటి నుంచి కళ్లద్దాలు లేకుండా ఆ పెట్టె దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. మీరూ రానివ్వకండి.

ఆయన దగ్గర నేర్చుకోకూడనిది కూడా ఒకటి నేర్చుకున్నాను. రిజిస్టర్‌లో తూకాలు, డిగ్రీలు, గంటలు తప్ప ఇంకేమీ రాయనిచ్చేవారు కాదు. "పని చేసుడు చేతికి తెలుస్తది, అదేం రాస్తరు" అనేవారు. నేనూ ఆ మాటే నా శిష్యులకు అప్పజెప్పాను.

రజిత

మా కాలేజీకి పరిశోధనా కేంద్రంగా గుర్తింపు వచ్చాక నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన అమ్మాయి రజిత. రామాయంపేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. మాటలు తక్కువ. చేతులు మాత్రం ఖాళీగా ఉండేవి కావు. ఆమె చేరిన ఏడాదికి, గ్యాస్ లేదు, ఏమీ లేదు, మామూలు గాలిలో కరిగించిన గాజు మంచినీళ్లలా వచ్చింది. పెట్టెలో పెడితే ఆకుపచ్చా నీలమూ కలిసిన వెలుగు గది గోడల మీద పడింది. ఈసారి నేను వరండాలోకి పరిగెత్తలేదు. ఉట్టి గాజు పెట్టి చూశాను, మళ్లీ రాగి గాజు పెట్టి చూశాను. తేడా పట్టపగలు లాగా ఉంది. అప్పుడు పరిగెత్తాను.

గాజులో సోడా తగ్గించడమే కారణమని మేమిద్దరం తేల్చుకున్నాం. సోడా తక్కువగా ఉంటే రాగి దానంతటదే వెలిగే స్థితిలో నిలబడుతుందని రాసి, యూనివర్సిటీ పరిశీలన కమిటీకి పంపాం. కమిటీ పెద్ద విఠల్ రావు సార్ గాజు విషయంలో ఉద్దండుడు. "కొత్తగా ఒక ముక్క చేసి పంపండి" అని రాశారు. రజిత అన్నకు పెళ్లి ఉండి ఆ వారం రాలేదు. ఆమె రాసిన తూకాల ప్రకారమే మా ల్యాబ్ అటెండర్ మల్లేశం చేశాడు. మల్లేశం చేతికి ఇరవై ఏళ్ల అనుభవం, చెమట చుక్క కూడా తూకంలో పడనివ్వడు. తీరా చూస్తే ముక్క లేత నీలంగా వచ్చింది. పెట్టెలో పెడితే చచ్చినట్టు పడి ఉంది.

దాచుకోవడం నాకు చేతకాదు. ఆ ముక్కనే పంపాను. పది రోజులకు కమిటీ ఫైలు నకలు వచ్చింది. "బయటి పదార్థం కావాలని కలిపి ఫలితం సృష్టించినట్టుంది. ల్యాబ్‌కు వచ్చి కళ్లారా చూసిన తర్వాత రిజిస్ట్రేషన్ రద్దు విషయం నిర్ణయిస్తాం" అని ఉంది. రద్దయితే మరెక్కడా ఆ అమ్మాయిని చేర్చుకోరు. దొంగ ఫలితం అన్న పేరు పడ్డాక ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం కూడా ఎవరూ ఇవ్వరు.

నా తప్పు

ఇక్కడ నా గురించి నిజం చెప్పాలి. నేనూ అనుమానించాను. విఠల్ రావు సార్ తర్కం పక్కాగా ఉంది. గాలిలో కరిగిస్తే నీలమే రావాలి. మల్లేశం చేస్తే నీలమే వచ్చింది. రజిత చేస్తేనే వెలుగుతోంది. అలాంటప్పుడు ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆమె భోజనానికి వెళ్లినప్పుడు ఆమె బ్యాగు తెరిచి చూశాను. టిఫిన్ డబ్బా, దువ్వెన, బస్ పాసు. ఆమె వచ్చేసరికి నేనింకా జిప్పు వేస్తున్నాను.

రజిత ఏడవలేదు. "ఏం దొరికింది మేడం?" అని అడిగింది. ముక్కు మీద కోపమున్న మనిషిని, ఎవరి మీదా అరవలేక ఆ రోజు నా మీద నేనే అరుచుకున్నాను, లోపల.

తర్వాత ఆమె నోట్‌బుక్ మొదటి నుంచి చదివాను. అసలు ముందే చదవాల్సింది. ఒక పేజీలో "ఎరుపు వచ్చింది, వెలుగు లేదు, కారణం తెలుస్తలేదు" అని ఉంది. దొంగ ఫలితాలు రాసేవాళ్లు ఓడిపోయిన రోజుల్ని రాసుకోరు. ఆ ఒక్క వాక్యంతో నా అనుమానం తీరింది. పిల్లలు చేసిన పనిని అంచనా వేసేటప్పుడు వాళ్ల విజయాలు కాదు, ముందుగా వాళ్లు రాసుకున్న వైఫల్యాలు చూడండి.

"నేను తప్పు చేసిన, బిడ్డా. మాఫ్ చెయ్" అన్నాను. "తర్వాత చేస్త మేడం. ముందు గిదెందుకు వెలుగుతున్నదో చూద్దాం పట్టుండ్రి" అంది. కమిటీ రావడానికి వారం ఉంది.

చేతుల వైపు చూసిన రోజు

పొడుల సీసాలు మార్చి చూశాం. తక్కెడ మార్చాం. కరిగించే మూసలు మార్చాం. మల్లేశం మూస రజితకిచ్చి, రజిత మూస మల్లేశానికిచ్చాం. ఏం చేసినా రజితది వెలిగింది, మల్లేశానిది వెలగలేదు. మల్లేశం పరేషాన్ అయిపోయాడు. "నా చెయ్యే మంచిది గాదేమో మేడం" అన్నాడు.

చెయ్యి అన్న మాట దగ్గర నేను ఆగాను. ఇన్నాళ్లలో ఆ అమ్మాయి రాసినవన్నీ చూశాను గానీ, పని చేస్తుంటే పక్కన కూర్చుని ఒక్కసారీ చూడలేదు. స్టూలు వేసుక్కూర్చుని, "ఇద్దరూ పక్కపక్కన చెయ్యుండ్రి. నేనున్ననని మర్చిపోండ్రి" అన్నాను.

మల్లేశం పొడిని చెంచాతో కొద్దికొద్దిగా ఎర్రగా కాలుతున్న మూసలో పోశాడు. మూత పెట్టాడు. రజిత పొడిని ఒక పాత జవాబుపత్రం కాయితంలో పోసింది. కళ్లు మూసి తెరిచేలోగా నాలుగు మడతలు వేసి, మూలలు లోపలికి దోపి, గట్టి పొట్లం కట్టింది. పట్టకారుతో ఆ పొట్లాన్ని కాయితంతో సహా మూసలో వేసి మూత పెట్టింది.

నేను స్టూలు మీది నుంచి లేచాను. "గదేంది? కాయితం గూడ ఏస్తవా?"

"ఔ మేడం. ఉట్టిగ పోస్తె బోరిక్ పొడి పొంగి ఎగురుతది. తూకం తప్పుతది. మా కిరాణం దుకాణంల చిన్నప్పటి సంది పొట్లాలు కట్టిన. కాయితం ఎట్లనన్న కాలిపోతది గద."

"మరి గది నోట్‌బుక్‌ల ఎందుకు రాయలే?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "పొట్లం గూడ రాయాల్నా మేడం?"

నేను పడీపడీ నవ్వాను. మల్లేశం భయపడి నీళ్లు తెచ్చాడు. కాయితం కాలిపోతుంది, నిజమే. కానీ మూత కింద కాలడానికి ఆక్సిజన్ కావాలి. ఆ మూసలో ఉన్న ఆక్సిజన్‌ను కాయితం బొగ్గు లాగేసుకుంటుంది. గాలి చాలకపోతే రాగి దగ్గరున్నది కూడా లాగేస్తుంది. రాగి మధ్య స్థితికి దిగుతుంది, గాజు వెలుగుతుంది. పెద్ద ల్యాబులు గ్యాస్ పంపి సాధించేదాన్ని రామాయంపేట పొట్లం సాధించింది! మేం గొప్పగా రాసిన సోడా సిద్ధాంతం మాత్రం శుద్ధ తప్పు. అది ఒప్పుకోవడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు, అంత సంతోషంగా ఉన్నాను.

"ఎరుపు వచ్చిన్నాడు ఏం చేసినవ్?" అని అడిగాను. ఆమె ఆలోచించింది. "కాయితం చినిగితె ఇంకోటి చుట్టిన. రెండు పొరలు." రెండు కాయితాల బొగ్గు రాగిని లోహం దాకా దించేసింది. అంతా అతికినట్టు సరిపోయింది.

కమిటీ వచ్చిన రోజు

విఠల్ రావు సార్ ఇద్దరు సభ్యులతో వచ్చారు. టీ కూడా తాగనన్నారు. సోడా సంగతి తప్పని నేనే ముందుగా చెప్పి, కాయితం సంగతి వివరించాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కాయితం తెల్లగ కనపడాలని దాంట్ల వెలుగునిచ్చే రసాయనం కలుపుతరు మేడం. మీ వెలుగు రాగిది గాదు, కాయితానిదేమో?"

మంచి ప్రశ్న. మనసులో మెచ్చుకున్నాను. జవాబు రజిత చెప్పింది. "గదీ చూసినం సార్. రాగి లేకుండ కాయితం ఒక్కటే ఏసి కరగబెట్టినం." ముక్క పెట్టెలో పెట్టింది. ట్యూబు మెరుపు తప్ప వెలుగు లేదు. "కాయితం లేకుండ, రాగిల చాయ్ చక్కెర చెంచెడు కలిపి కరగబెట్టినం. చక్కెరల గూడ బొగ్గే గద." ఇంకో ముక్క పెట్టింది. కళ్లద్దాల్లోంచి చూస్తున్న ముగ్గురి మొహాల మీదా పచ్చటి వెలుగు పడింది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. బ్యాగులోంచి మేం పంపిన మల్లేశం ముక్క తీసి బల్ల మీద పెట్టారు. "ఇవన్నీ ముందే చేసిపెట్టుకున్నయి. ఇది నా దగ్గర తాళంల ఉన్నది. దీన్ని వెలిగించమ్మా, నా ముందట."

ఆ పరీక్ష మేం చేయలేదు. ఒకసారి నీలంగా గట్టిపడిన గాజు మళ్లీ మాట వింటుందా? చక్కెర ఎంత వేయాలి? తక్కువైతే నీలం, ఎక్కువైతే ఎరుపు, ఎటు పోయినా రజిత చదువు ముగిసినట్టే. నేను నోరు తెరవబోతుంటే ఆమె చేయి అడ్డం పెట్టింది. ముక్కను రోట్లో వేసి మెత్తగా నూరింది. తూచింది. నోట్‌బుక్‌లో ఏదో లెక్క వేసి, చక్కెర గింజలు తూచి కలిపింది. చెంచాతో కలిపిన తీరు, ఎన్నిసార్లు తిప్పింది కూడా పక్కనే రాసుకుంది. మూత పెట్టి, ఫర్నేస్ తలుపు మూసింది.

గంటన్నర. కరెంటు పోకూడదని మల్లేశం గోడకున్న మీటర్ ముందు నిలబడి దండం పెట్టుకుంటున్నాడు.

రజిత మూసను తీసి, కరిగిన గాజును ఇత్తడి పలక మీద పోసింది. చల్లారేదాకా అందరం దాని చుట్టూ నిలబడ్డాం. నీలం లేదు. ఎరుపు లేదు. మంచినీళ్ల బొట్టు గట్టిపడినట్టు ఉంది. విఠల్ రావు సారే దాన్ని పట్టకారుతో తీసుకెళ్లి పెట్టెలో పెట్టారు. కిటికీలు మూసి, ట్యూబు వేశారు.

వెలిగింది. అప్పటిదాకా మేం చేసిన ఏ ముక్కా అంత వెలగలేదు. మల్లేశం "అబ్బా!" అని కేక వేశాడు. ఇద్దరు సభ్యులూ చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు అంత గర్వంగా ఎప్పుడూ అనిపించలేదు. ఏడుస్తున్నానని తెలిశాక కూడా తుడుచుకోలేదు.

విఠల్ రావు సార్ కళ్లద్దాలు తీశారు. "బయటి పదార్థం కలిసిందని రాసిన. అది నిజమే అయ్యింది" అని నవ్వారు. "కానీ 'కావాలని' అన్న చూడు, గది నాకు రాసే హక్కు లేదు." ఫైలు తెరిచి, ఆ వాక్యాన్ని కొట్టేయడానికి పెన్ను తీశారు.

"కొట్టెయ్యకుండ్రి సార్," అంది రజిత.

ఆయన ఆగారు.

"నా నోట్‌బుక్‌ల ఎరుపు ముక్క నేను కొట్టెయ్యలే. గట్లనే ఉంచిన. అందుకే ఇయ్యాల కారణం దొరికింది. మీది గూడ ఉండనియ్యుండ్రి. ఎందుకు తప్పయ్యిందో పక్కన రాయుండ్రి."

ఇరవై ఐదేళ్ల పిల్ల, కమిటీ పెద్దతో ఆ మాట అనడం నేనెక్కడా వినలేదు. ఆయన ఆమె వైపు చూశారు, ఫైలు వైపు చూశారు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, మార్జిన్‌లో నిదానంగా రాశారు. రాసి, చదవమని ఆమెకే ఇచ్చారు. రజిత పైకి చదివింది.

"వెలుగు రాగిదే, పని నిజాయితీది. ఎట్లా చేశావని ఈమెను అడగకుండానే నిందించాను."

కింద ఆయన సంతకం, తేదీ. నేను పెన్ను అడిగి తీసుకున్నాను. "నేను కూడా" అని రాసి, ఆ సంతకం కింద నా సంతకం పెట్టాను.